ఏ పనికి ఏ పద్దు: విశాఖలో కాలనీ వసతులకు ప్రభుత్వ నిధులు అడిగే విధానం

విశాఖపట్నంలో ఒక కాలనీ సంక్షేమ సంఘానికి కొన్నేళ్లు కార్యదర్శిగా పనిచేసిన అనుభవంతో ఇది రాస్తున్నాను. బాధ్యత తీసుకున్న కొత్తలో నేను రాసిన మొదటి అర్జీలో రోడ్డు, మురుగు కాలువ, పార్కు, వీధి దీపాలు, కుక్కల బెడద, కుళాయి నీళ్ల వేళలు అన్నీ కలిపి రెండు పేజీలు నింపాను. ఆ కాగితం ఒక విభాగం నుంచి మరో విభాగానికి తిరిగింది. ప్రతివారూ అందులో తమకు సంబంధం లేని అంశాలే ఎక్కువగా చూసి పక్కవారికి పంపించారు. ఎనిమిది నెలల తరువాత మాకు అందిన సమాధానం ‘పరిశీలనలో ఉన్నది’ అన్న ఒక్క ముక్క. అందులో వారి తప్పు కొంత ఉంటే మా తప్పు అంతకంటే ఎక్కువ ఉంది. ప్రభుత్వ ధనం ఒక్క కుండలో ఉండదు. వేర్వేరు పేర్లు రాసిన సంచుల్లో, అంటే పద్దుల్లో, ఉంటుంది, ఒక సంచిలోని సొమ్మును మరో పనికి మళ్లించే స్వేచ్ఛ కమిషనరుకు కూడా అన్ని వేళలా ఉండదు. ఏ పనికి ఏ సంచి విప్పాలో మనకు తెలిస్తే, ఆ అర్జీ సరైన బల్ల మీదికే వెళుతుంది.

ముందు ఆ నేల ఎవరిదో తేల్చుకోవాలి

నిధుల మాట ఎత్తడానికి ముందే ఆ రోడ్డు, ఆ కాలువ, ఆ ఖాళీ స్థలం ఎవరి ఆధీనంలో ఉన్నవో తెలుసుకోవాలి. విశాఖలో ఇది చాలా ఊళ్లలో కంటే చిక్కైన ప్రశ్న. ఓడరేవుకు, రైల్వేకు, నౌకాదళానికి, ఉక్కు కర్మాగారానికి, సింహాచలం దేవస్థానానికి ఇక్కడ విస్తారమైన భూములున్నాయి. 16వ నంబరు జాతీయ రహదారి ఊరి నడుమ నుంచి పోతుంది. కొన్ని రోడ్లు రోడ్లు భవనాల శాఖవి, కొన్ని పార్కులు విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ అయిన వీఎంఆర్‌డీఏవి. మహా విశాఖ నగరపాలక సంస్థ, అంటే జీవీఎంసీ, తనది కాని నేల మీద ఖర్చు చేస్తే ఆడిట్‌లో అభ్యంతరం వస్తుంది. అందుకే అటువంటి అర్జీలను అధికారులు కాదనరు, ఔననరు, అలాగే ఉంచేస్తారు.

2005లో గాజువాక పురపాలక సంఘాన్ని, చుట్టుపక్కల 32 గ్రామాలను కలిపి జీవీఎంసీని ఏర్పాటు చేశారు. 2013లో భీమునిపట్నం, అనకాపల్లి పురపాలక సంఘాలను కూడా చేర్చారు. కనుక నేడు నగరం అనిపించుకుంటున్న అనేక కాలనీలు ఒకప్పుడు పంచాయతీ హయాములో, కొన్నిచోట్ల ఏ అనుమతీ లేకుండా, వేసిన లేఅవుట్లే. ఆమోదం పొందిన లేఅవుట్‌లో రోడ్లను, ప్రజావసరాలకు వదిలిన ఖాళీ స్థలాన్ని భూయజమాని రిజిస్టరైన దానపత్రం ద్వారా స్థానిక సంస్థకు అప్పగించాలి. ఆ దానపత్రం లేనిచోట మీరు ఇరవై ఏళ్లుగా నడుస్తున్న వీధి కాగితాల ప్రకారం ఇంకా ఎవరి సొంత ఆస్తిగానో ఉండవచ్చు. వార్డు సచివాలయంలోని ప్రణాళిక కార్యదర్శిని గాని, జోనల్ కార్యాలయంలోని పట్టణ ప్రణాళిక విభాగాన్ని గాని అడిగి లేఅవుట్ నకలు, దానపత్రం వివరాలు సంపాదించడం మీ మొదటి పని. అవి లేకపోతే ప్రభుత్వం ప్రకటించే లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకంలో చేరడమా, లేక ఇప్పటికైనా యజమాని చేత దానపత్రం రాయించడమా అన్నది సంఘం ముందు నిర్ణయించుకోవాలి. ఇది విసుగు పుట్టించే పని. కాని దీన్ని దాటవేసి పైకి పోయిన అర్జీలు తిరిగి ఇక్కడికే వచ్చి ఆగడం నేను అనేకసార్లు చూశాను.

గెడ్డల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మన ఉత్తరాంధ్రలో గెడ్డ అంటే వాగు. కొండల మీద పడిన వాన గంటలోపే ఈ గెడ్డల గుండా ఎర్రమట్టితో సహా కిందికి దిగి, కాలనీల మధ్య నుంచి సముద్రానికో, ఓడరేవు వైపుకో పోతుంది. మీ వీధి కాలువ చివరికి ఏ గెడ్డలో కలుస్తుందో, ఆ గెడ్డ మధ్యలో ఎవరెవరి భూములు దాటుతుందో నడిచి చూసి ఒక బొమ్మ గీసుకోండి. నీరు పోయే దారి లేని కాలువకు నిధులు తెచ్చుకుంటే, పై వీధి నీరంతా కింది వీధివారి ఇళ్లలోకి తోలినట్లవుతుంది, ఆ తరువాత గొడవలు పడవలసింది కాలనీవారే.

సంచుల పేర్లు

1993 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ 12వ షెడ్యూలులో 18 అంశాలను పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగినవిగా చేర్చింది. నీటి సరఫరా, రోడ్లు, వంతెనలు, పారిశుద్ధ్యం, మురికివాడల అభివృద్ధి, పార్కులు, వీధి దీపాలు అన్నీ ఆ జాబితాలోనివే. పనులు అప్పగించినంత సులువుగా డబ్బు అప్పగించడం జరగలేదు. ఆ లోటు పూడ్చడానికే కేంద్ర ఆర్థిక సంఘం (కేంద్ర రాబడిని రాష్ట్రాలకు, స్థానిక సంస్థలకు ఎలా పంచాలో సూచించే సంఘం) గ్రాంట్లు, రాష్ట్ర ఆర్థిక సంఘం సిఫార్సులు, కేంద్ర పథకాలు, అప్పులు వరుసగా వచ్చాయి.

మొదటి సంచి నగరపాలక సంస్థ సొంత సాధారణ నిధి. ఆస్తి పన్ను, ఖాళీ స్థలాల పన్ను, భవన నిర్మాణ అనుమతుల రుసుములు, నీటి చార్జీలు వంటి రాబడి అంతా ఇందులో పడుతుంది. వీధిలో సిమెంటు రోడ్డు, పక్క కాలువ, చిన్న కల్వర్టు, కొండవాలు కాలనీలో రక్షణ గోడ, మెట్లదారి, పార్కుకు ప్రహరీ వంటి పనులకు ప్రధానంగా ఆధారపడవలసింది ఈ నిధి మీదనే. దీనికి షరతులు తక్కువ, పోటీ ఎక్కువ. 2021 ఎన్నికల నాటికి నగరంలో 98 వార్డులున్నాయి. ప్రతి వార్డు వాటా కోసం చేయి చాచేది ఈ నిధి వైపే. పైగా జీతాలు, పారిశుద్ధ్య ఖర్చు, విద్యుత్ బిల్లులు అన్నీ ముందు ఇక్కడినుంచే పోవాలి. 2021లో మొదలైన చెత్త పన్నును రాష్ట్ర ప్రభుత్వం 2024లో రద్దు చేసినప్పుడు మనమందరం సంతోషించాము. అయితే చెత్త బళ్ల ఖర్చు మాత్రం రద్దు కాలేదు.

ఇక్కడ ఆస్తి పన్ను గురించి రెండు మాటలు చెప్పాలి. 2021 ఏప్రిల్ నుంచి మన రాష్ట్రంలో ఆస్తి పన్నును అద్దె విలువను బట్టి కాక ఆస్తి మూలధన విలువను (స్థలం, భవనం కలిపిన విలువను) బట్టి లెక్కిస్తున్నారు. నివాస భవనాలకు అది మూలధన విలువలో 0.10 నుంచి 0.50 శాతం మధ్య ఉండాలని, ఏటా పెరుగుదల 15 శాతం దాటరాదని నియమం పెట్టారు. ఈ మార్పును చాలామంది వ్యతిరేకించారు, ఆ వ్యతిరేకతలో న్యాయం లేకపోలేదు. అయితే 15వ ఆర్థిక సంఘం తన గ్రాంట్లకు పెట్టిన అర్హతల్లో ఆస్తి పన్ను కనీస రేట్లను ప్రకటించడం, ఆ తరువాత రాష్ట్ర ఉత్పత్తి వృద్ధి రేటుకు తగినట్లు పన్ను వసూలు పెంచుకోవడం, ఆడిట్ అయిన లెక్కలను ఆన్‌లైన్‌లో ఉంచడం ఉండేవి. అంటే మన వీధిలో కట్టని పన్ను బకాయి కేంద్ర గ్రాంటు దాకా తగులుతుంది. అందువల్ల మీ అర్జీకి, కాలనీలో ఎన్ని ఇళ్లున్నాయి, ఏటా ఎంత పన్ను చెల్లిస్తున్నారు అన్న పట్టికను జతచేయండి. మా సంఘం ఈ పట్టిక పెట్టిన తరువాతే అధికారి మమ్మల్ని కూర్చోమన్నారు. అది యాదృచ్ఛికమే కావచ్చు, నేను మాత్రం అలా అనుకోవడం లేదు.

రెండవ సంచి ఆర్థిక సంఘం గ్రాంటు. 2021-22 నుంచి 2025-26 వరకు వర్తించిన 15వ ఆర్థిక సంఘం సిఫార్సుల్లో పట్టణ స్థానిక సంస్థలకు 1,21,055 కోట్ల రూపాయలు కేటాయించారు. చిన్న పట్టణాలకు ఇచ్చిన గ్రాంటులో 40 శాతాన్ని షరతులు లేకుండా స్థానిక అవసరాలకు వాడుకునే వీలుండేది. మిగిలిన 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యాలకు కట్టుబడి ఉండేది. విశాఖకు ఆ వెసులుబాటు ఉండేది కాదు. పది లక్షలకు మించిన జనాభా గల నగర సముదాయాలకు, అంటే మన రాష్ట్రంలో విశాఖకు, విజయవాడకు, వేరే నిధి పెట్టారు. దానిలో సుమారు మూడింట రెండు వంతులు తాగునీరు, వాననీటి సేకరణ, మురుగునీరు, ఘనవ్యర్థాల నిర్వహణకు, ఒక వంతు గాలి నాణ్యత మెరుగుపరచడానికి. లక్ష్యాలు సాధిస్తేనే డబ్బు వచ్చేది. కనుక ఈ పద్దులో వీధి రోడ్డు అడిగితే ‘వీలుపడదు’ అని తిరిగి పంపించేవారు.

అయితే ఇక్కడే ఒక మెలకువ ఉంది. జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో ప్రమాణాలు అందుకోని నగరాల జాబితాలో విశాఖ ఉంది. ఓడరేవు నుంచి వచ్చే బొగ్గు పొడి, లారీల రద్దీ, చదును చేయని రోడ్డు పక్కల నుంచి లేచే దుమ్ము దీనికి కారణాల్లో కొన్ని. రోడ్డు అంచు నుంచి కాలువ వరకు ఉన్న మట్టి భాగానికి ఇటుకలు పరచడం, మొక్కల వరుస వేయడం, యంత్రాలతో రోడ్లు ఊడ్పించడం వంటివి గాలి నాణ్యత పనుల కింద చేయదగినవి. మల్కాపురం, కంచరపాలెం వైపు కాలనీలవారు ‘మాకు ఫుట్‌పాత్ కావాలి’ అని అడగడం కంటే, ‘ఇంత పొడవున మట్టి అంచు నుంచి దుమ్ము లేస్తోంది, దీన్ని గాలి నాణ్యత ప్రణాళికలో చేర్చండి’ అని అడగడం మేలు. పని అదే, సంచి వేరు. 2026 ఏప్రిల్ 1 నుంచి 16వ ఆర్థిక సంఘం కాలం కనుక, ఆ ఏడాదికి వర్తించే షరతులను జోనల్ కార్యాలయంలోని లెక్కల విభాగంలో అడిగి తెలుసుకున్న తరువాతే పద్దు పేరు రాయాలి.

మూడవది పట్టణ వసతుల కోసం కేంద్రం పెట్టిన అమృత్ పథకం. 2015 జూన్ 25న 500 నగరాలతో మొదలైన ఈ పథకానికి రెండవ దశ 2021 అక్టోబరు 1న ప్రారంభమైంది. దాని దృష్టి తాగునీటి కుళాయిల మీద, మురుగునీటి పైపుల మీద, చెరువుల పునరుద్ధరణ మీద ఉంది. పది లక్షలు దాటిన నగరాలకు కేంద్రం ఇచ్చేది ప్రాజెక్టు ఖర్చులో 25 శాతమే. మిగిలినది రాష్ట్రం, నగరపాలక సంస్థ, ఇతర మార్గాలు భరించాలి. మంజూరైన పని కూడా ఎందుకు నెమ్మదిగా సాగుతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది, ఎందుకంటే మిగతా మూడు పాళ్లు చేతికి రావాలి. ఒక కాలనీ సంఘం అమృత్ నిధులను నేరుగా అడగలేదు. అడగవలసింది వేరు: ‘నగరం తయారుచేసిన నీటి ప్రణాళికలో, భూగర్భ మురుగునీటి ప్రణాళికలో మా ప్రాంతం ఉందా, ఉంటే ఏ దశలో ఉంది’ అని రాతపూర్వకంగా అడగాలి.

ఈ ప్రశ్నను మేము అడగకపోవడం వల్ల జరిగినది చెబుతాను. ఎంతో తిరిగి మా వీధికి సిమెంటు రోడ్డు తెచ్చుకున్నాము. ప్రారంభోత్సవం నాడు కొబ్బరికాయ కొట్టాము. మరుసటి వేసవిలో భూగర్భ మురుగు పైపుల కోసం అదే రోడ్డును నడిమధ్యన కోసి, పైపులు వేసి, మట్టి కప్పి వెళ్లారు. ఆ మట్టి మొదటి వానకు కుంగిపోయింది. రెండు విభాగాలదీ తప్పు లేదు, ఎవరి పని వారు చేశారు. ముందు పైపులు, తరువాత కాలువ, చివరికి రోడ్డు అన్న వరుసను పట్టించుకోవలసింది అక్కడ కాపురం ఉంటున్న మేమే. విద్యుత్ తీగలకూ ఇదే వర్తిస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తరువాత ప్రపంచ బ్యాంకు రుణంతో నగరంలో భూగర్భ విద్యుత్ కేబుళ్ల పని చేపట్టారు. అటువంటి పెద్ద ప్రాజెక్టు పరిధిలో మీ వీధి ఉన్నదో లేదో తెలుసుకోకుండా రోడ్డు పనికి తొందరపడవద్దు.

స్మార్ట్ సిటీ పేరు చెప్పి అర్జీలు రాయడం ఇక మానుకోవాలి. 2016 జనవరి 28న ప్రకటించిన మొదటి 20 నగరాల్లో విశాఖ ఉన్నమాట నిజమే. కాని ఆ పథకం 2025 మార్చి 31తో ముగిసింది. స్వచ్ఛ భారత్ రెండవ దశ నిధులు చెత్త వేరు చేయడం, కాపులుప్పాడ వంటి డంపింగ్ యార్డుల్లో పేరుకున్న పాత చెత్తను తొలగించడం, ప్రజా మరుగుదొడ్లు వంటి వాటికి ఉద్దేశించినవి. మార్కెట్ దగ్గర మరుగుదొడ్డి కావాలంటే తప్ప కాలనీకి ఆ సంచితో పెద్దగా పని ఉండదు.

అప్పులు, బాండ్ల గురించి తెలిసి ఉండటం మంచిది. 2018 డిసెంబరులో జీవీఎంసీ 80 కోట్ల రూపాయల మున్సిపల్ బాండ్లు (మదుపరుల దగ్గర అప్పు తెచ్చే పత్రాలు) జారీచేసింది. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించిన లక్ష కోట్ల రూపాయల అర్బన్ చాలెంజ్ ఫండ్ కూడా, ప్రాజెక్టు ఖర్చులో 25 శాతం వరకు తానిచ్చి, కనీసం సగం సొమ్మును బాండ్లు, బ్యాంకు రుణాలు, ప్రైవేటు భాగస్వామ్యం ద్వారా తెచ్చుకోమంటుంది. అప్పు తెచ్చిన సొమ్ము వడ్డీతో తిరిగి కట్టాలి కనుక అది రాబడి ఉన్న పెద్ద పనులకే వెళుతుంది. వీధి కాలువకు చేరదు.

కాలనీకి నిజంగా అందుబాటులో ఉన్న మరో సంచి పార్లమెంటు సభ్యుల స్థానిక ప్రాంత అభివృద్ధి నిధి. ఒక్కొక్క సభ్యునికి ఏడాదికి 5 కోట్ల రూపాయలు. లోక్‌సభ సభ్యుడు తన నియోజకవర్గంలోని పనులను సిఫార్సు చేస్తారు. రాష్ట్రం నుంచి ఎన్నికైన రాజ్యసభ సభ్యుడు రాష్ట్రంలో ఎక్కడైనా సిఫార్సు చేయవచ్చు. ఈ రెండో విషయం చాలామందికి తెలియదు, అందువల్ల అక్కడ పోటీ కొంత తక్కువ. సభ్యుడు సిఫార్సు మాత్రమే చేస్తారు, పరిశీలించి మంజూరు చేసేది జిల్లా యంత్రాంగం. పదికాలాలు నిలిచే సామాజిక ఆస్తులకే ఈ నిధి వర్తిస్తుంది, ప్రైవేటు ఆస్తులకు, ప్రార్థనా మందిరాలకు ఇవ్వరు. ఏటా కేటాయింపులో 15 శాతం షెడ్యూల్డ్ కులాల వారు, 7.5 శాతం షెడ్యూల్డ్ తెగల వారు నివసించే ప్రాంతాల పనులకు సిఫార్సు చేయాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి. అటువంటి వాడల్లో సామాజిక భవనానికి, తాగునీటి వసతికి, రోడ్డుకు ముందుగా తట్టవలసిన తలుపు ఇదే. ఈ వర్గాలకు ఉపప్రణాళిక చట్టం (వారి జనాభాకు తగిన నిధులను విడిగా కేటాయించాలనే చట్టం) కింద వేరే కేటాయింపులు కూడా ఉంటాయి కనుక, వార్డు సచివాలయంలో జనాభా వివరాలతో ధ్రువపత్రం తీసుకొని జతచేయాలి.

కంపెనీల సామాజిక బాధ్యత నిధులు ప్రభుత్వ నిధులు కావు. కాని విశాఖలో ప్రభుత్వ రంగ సంస్థలు చాలా ఉన్నందున ప్రజలు వాటిని అలాగే భావిస్తారు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం నిర్ణీత పరిమాణం దాటిన కంపెనీలు గడిచిన మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతాన్ని ఇటువంటి పనులకు ఖర్చు చేయాలి. తమ కర్మాగారం పరిసర ప్రాంతాలకు ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టంలో ఉంది. నష్టాల్లో ఉన్న సంస్థను అడిగి లాభం లేదు. ఫ్యాక్టరీ గోడ పక్కన ఉన్న పాఠశాల మరుగుదొడ్డికి, నీటి శుద్ధి యంత్రానికి ఇది బాగా పనికివస్తుంది.

అర్జీ, అంచనా

సంఘం రిజిస్టరై ఉండటం తప్పనిసరి కాకపోయినా ఎంతో ఉపయోగం. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు సభ్యులు ఉంటే చాలు. సర్వసభ్య సమావేశం పెట్టి, ఒక్క పనిని ఎంచుకొని, తీర్మానం రాసి, సంతకాలు చేయించండి. ఒక్క పని అన్న మాటను మళ్లీ చెబుతున్నాను, ఎందుకంటే సమావేశంలో ప్రతివారూ తమ ఇంటి ముందున్న సమస్యను చేర్చమని పట్టుబడతారు. వేర్వేరు పనులకు వేర్వేరు అర్జీలు రాయవచ్చు, ఒకే కాగితం మీద మాత్రం వద్దు.

2019 నుంచి వార్డు సచివాలయాల్లో వసతుల కార్యదర్శి ఉంటున్నారు. ఇంజినీరింగు పనుల విషయంలో కాలనీకి దగ్గరి అధికారి ఆయనే. ఆయనను వెంటబెట్టుకొని పొడవు, వెడల్పు టేపుతో కొలవండి. వాన పడుతున్నప్పుడు, వాన వెలిసిన గంటకు, మరునాటికి తీసిన ఫొటోలు ఉంచండి. ఎండలో తీసిన కాలువ ఫొటో ఎవరినీ కదిలించదు. అర్జీ ఇలా ఉండవచ్చు:

‘గౌరవనీయులైన జోనల్ కమిషనర్ గారికి, ఫలానా కాలనీ సంక్షేమ సంఘం తరపున విన్నపం. మా కాలనీ 3వ వీధి పొడవు 180 మీటర్లు. ఈ వీధికి తూర్పు పక్కన మురుగు కాలువ లేనందున వర్షపు నీరు 24 ఇళ్ల ముందు నిలుస్తున్నది. ఈ వీధి ఆమోదిత లేఅవుట్‌లో భాగమై దానపత్రం ద్వారా నగరపాలక సంస్థకు సంక్రమించినది. దిగువన 40 మీటర్ల దూరంలో ఉన్న గెడ్డలోకి నీరు పోయే వాలు ఉన్నది. ఈ వీధిలో భూగర్భ మురుగు పైపుల పని పూర్తయినది. కావున కాలువ నిర్మాణానికి అంచనా తయారు చేయించి, సాధారణ నిధుల పద్దు కింద పరిపాలనా ఆమోదం నిమిత్తం ప్రతిపాదించవలసినదిగా కోరుతున్నాము. సంఘం తీర్మానం, లేఅవుట్ నకలు, ఫొటోలు, పన్ను చెల్లింపు పట్టిక జతచేయడమైనది.’

ఇందులో కోపం గాని, పొగడ్త గాని లేకపోవడం గమనించండి. ఇంజినీరు అంచనా కాగితంలో రాసుకోవలసిన వివరాలను మనమే అందించాము. అర్జీని తపాలా విభాగంలో ఇచ్చి నంబరు వేయించుకోండి. సోమవారాల్లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కూడా నమోదు చేయించవచ్చు. నా అనుభవంలో ఆ వేదిక, ఉన్న సౌకర్యం పాడైన సందర్భాల్లో చక్కగా పనిచేస్తుంది. కొత్త నిర్మాణానికి అక్కడ ఇచ్చే సమాధానం ఎక్కువగా ‘నిధుల లభ్యతను బట్టి’ అని ఉంటుంది.

తరువాత సహాయ ఇంజినీరు స్థలాన్ని చూసి ప్రామాణిక ధరల పట్టిక ప్రకారం అంచనా వేస్తారు. ఆ అంచనాకు పరిపాలనా ఆమోదం, సాంకేతిక మంజూరు అని రెండు వేర్వేరు సంతకాలు కావాలి. మొదటిది ‘ఈ పని చేయవచ్చు, డబ్బు ఫలానా పద్దులో ఉంది’ అని చెబుతుంది, రెండవది ‘ఈ కొలతలు, ఈ ధరలు సరైనవి’ అని. పని విలువను బట్టి కమిషనరు, స్థాయీ సంఘం (కొందరు కార్పొరేటర్ల కమిటీ), పాలకమండలి, రాష్ట్ర ప్రభుత్వం వరకు ఆమోదం పోవలసి ఉంటుంది. మీరు కనుక్కోవలసినది ‘మా పని ఏమయింది’ అని కాదు, ‘మా అంచనాకు ఏ సంతకం మిగిలింది’ అని. ఈ ఒక్క ప్రశ్నతో గుమాస్తా ఫైలు తెరిచి చూస్తారు.

ఎప్పుడు అడగాలి

ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది. రాబోయే ఏడాది బడ్జెట్ అంతకు ముందు చలికాలంలో రూపుదిద్దుకుంటుంది. కాబట్టి దసరా వెళ్లిన వెంటనే అర్జీ, కొలతలు, ఫొటోలు సిద్ధంగా ఉండాలి. మన తీరానికి అక్టోబరు, నవంబరు నెలల్లో వానలు, తుపానులు వస్తాయి కనుక ఫొటోలకూ అదే అదను. ఫిబ్రవరి, మార్చిలో అడిగేవారికి మిగులు నిధులు దొరకవచ్చునని కొందరు చెబుతారు. అది కొన్నిసార్లు నిజమే గాని, మార్చి 31 లోపు బిల్లు పెట్టాలన్న ఆత్రంతో వేసిన రోడ్డు ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. ఎన్నికల నియమావళి వచ్చిన తరువాత కొత్త మంజూరులు ఆగిపోతాయి. ఆ లోపు పని మొదలై ఉండాలి.

పని మొదలైన తరువాత

టెండరు పూర్తయ్యాక పని ఉత్తర్వు నకలు, అంచనా నకలు అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయల రుసుముతో దరఖాస్తు చేస్తే 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. ఆ చట్టం 2(జె) సెక్షను కేవలం కాగితాలకే పరిమితం కాదు. పనిని స్వయంగా తనిఖీ చేయడానికి, వాడిన సామగ్రి ధ్రువీకృత నమూనాలు తీసుకోవడానికి కూడా పౌరునికి హక్కు ఇస్తుంది. మేము దీన్ని ఒక్కసారే వాడాము. తరువాత వాడవలసిన అవసరం రాలేదు.

సిమెంటు రోడ్డు వేసే నాడు పక్కన పెట్టిన పలకల ఎత్తును అంచనాలో రాసిన మందంతో పోల్చి చూడండి. కాంక్రీటు పోసినప్పుడు 15 సెంటీమీటర్ల ఘనాల అచ్చుల్లో నమూనాలు తీసి, 28 రోజుల తరువాత బలాన్ని పరీక్షించాలి. ఆ నమూనాలు తీశారో లేదో అడగడం తప్పు కాదు. పోసిన తరువాత మట్టి గట్లు కట్టి నీరు నిలపడమో, తడి గోనె సంచులు కప్పడమో జరగాలి. విశాఖ ఎండకు, సముద్రపు గాలికి ఈ తడి త్వరగా ఆరిపోతుంది, గుత్తేదారు మనుషులు రెండు రోజుల తరువాత కనిపించరు. మా వీధిలో ఇంటికొకరు చొప్పున ఉదయం, సాయంత్రం గొట్టంతో నీళ్లు పెట్టాము. అది మా పని కాదని ఒకాయన చివరిదాకా వాదించారు, ఆయన వాదన నియమం ప్రకారం సరైనదే. పదేళ్లయినా మేము తడిపిన ఆ భాగం పగుళ్లు లేకుండా ఉంది. కాలువ విషయంలో మూతలు వేయకముందే ఒక బకెట్ నీళ్లు పోసి, అవి గెడ్డ వైపుకే పోతున్నాయో లేదో చూడాలి.

చేసిన పని కొలతలను ఇంజినీరు కొలతల పుస్తకమైన ఎం-బుక్‌లో నమోదు చేసిన తరువాతే బిల్లు కదులుతుంది. బిల్లులు నెలల తరబడి ఆగితే గుత్తేదారు మధ్యలోనే పని వదిలేయడం, తరువాతి టెండరుకు ఎవరూ ముందుకు రాకపోవడం జరుగుతుంది. ఆ స్థితిలో గుత్తేదారును తిట్టి ప్రయోజనం లేదు. ఆగినది ఏ పద్దులోనో అడిగి, దాని గురించి కార్పొరేటరుకు, కమిషనరుకు రాయాలి. ఒప్పందంలో లోప బాధ్యతా కాలం అని ఒక గడువు రాసి ఉంటుంది. ఆ గడువులోపు రోడ్డు పగిలినా, కాలువ గోడ కూలినా సొంత ఖర్చుతో బాగుచేయవలసింది గుత్తేదారే. ఆ గడువు ముగిసే తేదీని సంఘం రిజిస్టరులో మొదటి పేజీ మీద రాసుకొని, దానికి నెల ముందు వీధంతా ఒకసారి నడిచి, కనిపించిన లోపాలను ఫొటోలతో సహా రాతపూర్వకంగా ఇవ్వండి. కార్యదర్శి మారితే కొత్తవారికి తాళాలతో పాటు ఆ రిజిస్టరు కూడా అప్పగించాలి.